చట్టాన్ని హాజరు పట్టీ రాసే మనిషికే అప్పగించండి

దిల్‌సుఖ్‌నగర్ మెట్రో స్టేషన్ దగ్గర దిగి, చైతన్యపురి, కొత్తపేట మీదుగా ఎల్బీనగర్ రింగ్ రోడ్డు దాకా నడవండి. చీరల షోరూములు, బంగారం కొట్లు, మొబైల్ దుకాణాలు, కోచింగ్ సెంటర్లు, డయాగ్నస్టిక్ ల్యాబులు, నర్సింగ్ హోములు. ఒకచోట ఆరుగురు పనిచేస్తుంటే ఇంకోచోట రెండు వందల మంది. ఏ ఓనర్‌నైనా ఆపి "మీ దగ్గర లేబర్ వ్యవహారాలు ఎవరు చూస్తారు?" అని అడిగితే ఈ జవాబుల్లో ఏదో ఒకటి వస్తుంది. "మా ఆడిటర్ గారు." "మా బావమరిది." "మొన్ననే హెచ్ఆర్‌ని పెట్టుకున్నం." "ఏమన్నా నోటీసు వస్తే లాయర్ ఉన్నడు గదా."

వీళ్లెవరికీ ఈ పని అప్పగించవద్దన్నది నా సలహా. ఈ చుట్టుపక్కల కొట్లకు పీఎఫ్, ఈఎస్ఐ లెక్కలు రాస్తూ బతికినవాణ్ని. నేను చెప్పేది విన్న ఓనర్లలో ఎక్కువమంది, తలకిందుల సలహా అని మొహం మీదే అన్నారు. అయినా సరే, మాట మార్చుకోను. కార్మిక చట్టం పని హాజరు పట్టీ రాసే మనిషికి ఇవ్వండి.

ప్రతి కొట్లోనూ అలాంటి మనిషి ఒకరుంటారు. పొద్దున ఎవరొచ్చారో, ఎవరు రాలేదో రాస్తారు. బయోమెట్రిక్ మెషిన్‌లో వేలిముద్ర పడని అమ్మాయి పేరు పక్కన పెన్నుతో టిక్కు పెడతారు. ఒకటో తారీఖు కవర్లు పంచుతారు. ఎవరింట్లో పెళ్లి, ఎవరికి నెల తప్పింది, ఎవరు ఫ్లోర్ మేనేజర్‌తో గొడవ పడ్డారు, అన్నీ అందరికంటే ముందు తెలిసేది ఆ మనిషికే. కూర్చునేది మాత్రం మెట్ల కింద. లేబర్ కేసు లేబర్ ఆఫీసులో మొదలవుతుందని ఓనర్లు అనుకుంటారు. ఆ మెట్ల కింద టేబుల్ మీద అది ఏడాది ముందే మొదలై ఉంటుంది.

ఒక చీరల దుకాణంలో నేను చూసిన వోచర్ల కట్ట సంగతి చెబుతాను. ప్రతి కాగితం మీద రూపాయి రెవెన్యూ స్టాంపు ఉంది. దాని మీదుగా సేల్స్ గర్ల్ సంతకం నీలి సిరాతో ఉంది. పేరుంది, నెల ఉంది, జీతం అంకె ఉండాల్సిన చోటు మాత్రం ఖాళీ. సంతకాలు ముందు తీసుకుని, అంకెలు ఆడిటర్ చెప్పాక నింపుతారట. నింపిన కాగితాల్లో అంకెలన్నీ నల్ల సిరాతో, ఒకే చేతిరాతతో ఉన్నాయి. పన్నెండు నెలల వోచర్లూ ఒకే బిగిన రాసినట్టు కొట్టొచ్చినట్టు తెలుస్తోంది. ఈ కట్టను ఎంత పెద్ద లాయర్ చేతిలో పెడితే మాత్రం ఏం లాభం? రాసిన కుర్రవాడికి అది తప్పని తెలుసు. కాకపోతే "ఇలా రాయను సార్" అనే హక్కు అతనికి ఎవరూ ఇవ్వలేదు.

ఇవ్వాల్సింది ఆ హక్కే. ఈ కొట్లో ఎవరినైనా తీసేయాలంటే హాజరు పట్టీ రాసే మనిషి సంతకం లేనిదే కుదరదని లెటర్‌హెడ్ మీద రాసి, ఓనర్ సంతకం పెట్టి, ఆ మనిషి చేతికివ్వండి. నెలకొకసారి ఓనర్‌తో తలుపేసుకుని అరగంట మాట్లాడే వీలు కల్పించండి. జీతం పెంచండి. లాయర్‌కి నెల నెలా ఊరికే కట్టే రిటైనర్‌లో సగం తీసి ఇటు పెట్టినా నష్టం లేదు.

ఎందుకింత పట్టుబడుతున్నానో ఒక కేసు చెబితే తెలుస్తుంది. చెప్పకుండా 8 రోజులకు మించి రాకపోతే ఉద్యోగం పోయినట్టేనని ఒక కంపెనీ స్టాండింగ్ ఆర్డర్లలో రాసి ఉంది. దాని ప్రకారం డి.కె.యాదవ్ అనే కార్మికుడి పేరు కొట్టేశారు. నేను రోజూ వచ్చాను, గేటు దగ్గరే ఆపేశారని అతనన్నాడు. జె.ఎం.ఎ. ఇండస్ట్రీస్ మీద అతను వేసిన కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. మనిషి మాట వినకుండా పేరు కొట్టేయడం చెల్లదని 1993లో తీర్పు వచ్చింది. మళ్లీ పనిలోకి తీసుకోవాలనీ, పాత జీతంలో సగం కట్టాలనీ కోర్టు చెప్పింది. ఆ కేసంతా దేనిమీద నడిచింది? ఎవరు గేటు దాటారు, ఎవరు దాటలేదు అన్న దానిమీద. అది హాజరు పట్టీ సంగతి. మన దగ్గర ఇప్పటికీ "వారం రాలే, పేరు కొట్టేసినం" అని ధీమాగా చెప్పే ఓనర్లు ఎంతమందో! ఆ మనిషి ఇంటికి ఒక్క రిజిస్టర్డ్ పోస్టు పంపారా అని అడిగితే నీళ్లు నమలుతారు.

ఇప్పుడు హెచ్ఆర్ సంగతి. యాభై మందికి లోపు పనిచేసే చోట హెచ్ఆర్ మేనేజర్‌ని పెట్టుకోకండి. ఈ మాటకు ఎక్కువమంది కోప్పడతారు. నాకు హెచ్ఆర్ చదివినవాళ్ల మీద చిన్నచూపు లేదు, వాళ్లను మనం నిలబెట్టే చోటే సరైంది కాదు. మనుషులను తెచ్చేదీ, మందలించేదీ, తీసేసేదీ, వాళ్ల గోడు వినేదీ అన్నీ ఒక్కరే అయితే, గోడు చెప్పుకోవడానికి ఎవరు ముందుకొస్తారు? మన దేశంలో ఈ ఉద్యోగం పుట్టినప్పుడు ఇలా లేదు. మిల్లుల్లో మనుషులను తెచ్చే జాబర్లు కూలీల దగ్గర లంచాలు గుంజుతుంటే, ఆ పని లేబర్ ఆఫీసర్లకు ఇవ్వాలని 1931లో విట్లీ రాయల్ కమిషన్ చెప్పింది. 1948 ఫ్యాక్టరీల చట్టం 49వ సెక్షన్, 500 మంది, అంతకు మించి ఉన్న ఫ్యాక్టరీలో సంక్షేమ అధికారి ఉండి తీరాలంది. ఆ అధికారి యాజమాన్యం తరఫున కార్మికులకు ఎదురుగా కోర్టులో నిలబడకూడదనీ, క్రమశిక్షణ కేసుల జోలికి పోకూడదనీ చాలా రాష్ట్రాల నియమాల్లో రాసుకున్నారు. జీతమిచ్చేది యజమానే, అయినా ఆ గీత దాటకూడదు. ఆ గీత ఎంత అవసరమో అప్పటివాళ్లకు తెలుసు. కొత్త లేబర్ కోడ్‌లో ఫ్యాక్టరీలకు ఈ సంఖ్య 250కి దిగింది. మన చీరల దుకాణంలోనో, ల్యాబులోనో కూర్చున్న హెచ్ఆర్‌కి మాత్రం అలాంటి గీత ఏదీ లేదు. ఆ గీత గీయలేనప్పుడు ఆ కుర్చీ వేయకపోవడమే మేలు.

బావమరిది గురించి ఎక్కువ చెప్పను. ఫిర్యాదు ఆయన మీదే వచ్చిన రోజున వినేదెవరు?

ఆడిటర్ గారు లెక్కల మనిషి. ఈఎస్ఐ 10 మందికి, పీఎఫ్ 20 మందికి మొదలవుతుందని ఆయనకు బాగా తెలుసు. అందుకే కొందరు 19 దగ్గరే ఆగమని సలహా ఇస్తారు. ఇరవయ్యోవాణ్ని పట్టీలో ఎక్కించకుండా చేతికి డబ్బిచ్చి పంపమంటారు. ఇంతకంటే ప్రమాదకరమైన సలహా నేను వినలేదు. గోడౌన్‌లో నిచ్చెన మీంచి పడి కాలు విరిగినవాడి పేరు పట్టీలో లేకపోతే సనత్‌నగర్ ఈఎస్ఐ ఆసుపత్రిలో అతనికి చీటీ దొరకదు, ఆ బిల్లు ఓనర్ నెత్తినే పడుతుంది. ఈఎస్ఐ కింద ఉద్యోగి కట్టేది నూటికి ముప్పావలా, యజమాని కట్టేది మూడుంపావు రూపాయలు. అదీ జీతం 21,000 దాకానే. ఈ మూడుంపావు మిగుల్చుకోబోయి లక్షలు పోగొట్టుకున్నవాళ్లు ఈ రోడ్డు మీద ఉన్నారు. ఇంకో సంగతి కూడా చెప్పాలి. ఉద్యోగి జీతంలో పీఎఫ్ కోసి కట్టకుండా వాడుకుంటే అది బాకీతో పోదు, నమ్మకద్రోహమనే నేరం అవుతుంది. ఐపీసీ 405వ సెక్షన్‌లోనే ఈ వివరణ ఉండేది, ఇప్పుడది భారతీయ న్యాయ సంహిత 316లోకి వచ్చింది. ఆ కేసు ఆడిటర్ మీద పెట్టరు, ఓనర్ మీద పెడతారు. కాబట్టి 15వ తారీఖు లోపల చలాన్ కట్టారా లేదా అని చూడాల్సింది, ఆ మనుషులను రోజూ ముఖాముఖి చూసే మనిషే.

లాయర్‌ని అందరికంటే చివర పిలవండి. 1947 పారిశ్రామిక వివాదాల చట్టం 36వ సెక్షన్ ప్రకారం రాజీ అధికారి ముందుకు లాయర్ రాకూడదని ఉండేది. లేబర్ కోర్టులో కూడా అవతలివాళ్లు ఒప్పుకుని, కోర్టు అనుమతిస్తేనే రావాల్సి ఉండేది. పారదీప్ పోర్ట్ ట్రస్ట్ కేసులో 1976లో సుప్రీంకోర్టు, లాయర్ చదువు చదివినవాడైనా కంపెనీలో నిజంగా ఆఫీసరైతే ఆ హోదాలో రావచ్చని చెప్పింది. 2020 పారిశ్రామిక సంబంధాల కోడ్ కూడా దాదాపు ఇదే పద్ధతి ఉంచింది. దీని అర్థం ఏమిటి? రాజీ బల్ల దగ్గర మీ తరఫున కూర్చోవాల్సింది మీ లోపలి మనిషే. ఆ పూటకు ఎవరిని పంపుతారు? ఫిర్యాదు చేసిన అమ్మాయిని ఎన్నడూ చూడని మనిషినా, లేక ఆమె మొదటి రోజు హాజరు వేసిన మనిషినా?

2025 నవంబర్ 21న 29 పాత కేంద్ర చట్టాలను కలిపేసిన నాలుగు లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. వాటిలో మన కొట్లకు అన్నిటికంటే గట్టిగా తగిలేది వేతనాల కోడ్ 17వ సెక్షన్. మనిషి రాజీనామా చేసినా, మీరు తీసేసినా, రెండు పని దినాల్లో రావాల్సిన వేతనం ఇచ్చేయాలి. "వచ్చే నెల పదో తారీఖున రా, చూద్దాం" అనే మాట ఇక కుదరదు. రెండు రోజుల్లో లెక్క తేల్చాలంటే సెలవులు, ఓవర్‌టైం, అడ్వాన్సు ముందే రాసి ఉండాలి. లాయర్‌కి అది రెండు రోజుల్లో చేతకాదు, పట్టీ రాసే మనిషికి పావుగంట పని. ఇక మన తెలంగాణ దుకాణాల, సంస్థల చట్టం 1988 నాటిది, అదింకా ఉంది. దాని 47వ సెక్షన్ ప్రకారం ఆరు నెలలు పనిచేసినవాళ్లను సరైన కారణం లేకుండా తీసేయాలంటే నెల నోటీసైనా ఇవ్వాలి, నెల జీతమైనా ఇవ్వాలి. ఏడాది దాటితే ఏడాదికి 15 రోజుల జీతం చొప్పున పరిహారం కూడా. "రేపటి సంది రాకు" అన్న ఒక్క ముక్క ఖరీదు ఇది.

2025 జూలైలో ప్రభుత్వం రోజుకు పది గంటల దాకా పని చేయించుకోవచ్చని జీఓ ఇచ్చింది కదా అని చాలామంది ఓనర్లు సంబరపడ్డారు. ఆ జీఓ పూర్తిగా చదవండి. అది వాణిజ్య సంస్థలకు, అదీ వారానికి 48 గంటలు దాటకుండా. దుకాణాలకు వర్తించదని అందులోనే ఉంది. చీరల కొట్టు దుకాణమే. ఎవరో వాట్సాప్‌లో పంపిన సగం వార్త చూసి డ్యూటీ చార్టు మార్చిన చోట్ల ఆ చార్టే రేపు సాక్ష్యమవుతుంది.

ఇక అందరూ వద్దనే సలహా. మీ దగ్గర ఎక్కువగా ఎదురు మాట్లాడేవాళ్లను పిలిచి కమిటీలో వేయండి. 20 మంది, అంతకు మించి ఉన్న చోట ఫిర్యాదుల పరిష్కార కమిటీ ఉండాలని 2020 పారిశ్రామిక సంబంధాల కోడ్ చెబుతోంది. యాజమాన్యం వైపు ఎంతమందో కార్మికుల వైపు అంతమంది. అధ్యక్ష పదవి ఒక ఏడాది ఇటు, ఒక ఏడాది అటు. మహిళలు ఎంత శాతం పనిచేస్తే కమిటీలో అంత శాతం. ఇందులో నాకు బాగా నచ్చింది ఒకటుంది. మెజారిటీ వచ్చినంత మాత్రాన నిర్ణయం కాదు, కార్మికుల వైపు కూర్చున్నవాళ్లలో సగానికి మించి ఒప్పుకుంటేనే నిర్ణయమైనట్టు. అంటే తల ఊపే నలుగురిని వేసుకుని ఓనర్ గెలవడమనేది చట్టం ఊహించిన పద్ధతి కాదు. తలూపేవాళ్లను వేస్తే, బయట ఉన్న అసలు మనిషి నేరుగా రాజీ అధికారి దగ్గరకు పోతాడు. అందుకే పోట్లాడే మనిషి కమిటీలోనే ఉండాలి, ఆ పోట్లాటేదో లోపలే తేలాలి.

కోచింగ్ సెంటర్లకు, ప్రైవేటు కాలేజీలకు కొన్ని మాటలు చెప్పాలి. దిల్‌సుఖ్‌నగర్‌కి నల్గొండ, మహబూబ్‌నగర్ జిల్లాల నుంచి పిల్లలు ఎందుకొస్తారో, చదువు చెప్పేవాళ్లూ అందుకే వస్తారు. వచ్చిన రోజే వాళ్ల ఒరిజినల్ సర్టిఫికెట్లు తీసుకుని లాకర్‌లో పెట్టే అలవాటు కొన్నిచోట్ల ఉంది. అవి వెనక్కి ఇచ్చేయండి, రేపు కాదు, ఇవాళే. మధ్యలో వెళ్లిపోతారన్న భయముంటే బాండ్ రాయించుకోండి. శిక్షణకు, నియామకానికి మీరు నిజంగా ఎంత ఖర్చుపెట్టారో దానికి తగ్గ మొత్తమే రాయండి. విజయా బ్యాంక్ కేసులో మూడేళ్ల లోపు మానేస్తే 2 లక్షలు కట్టాలన్న షరతును సుప్రీంకోర్టు 2025 మేలో సమర్థించింది. నియామక ప్రక్రియ ఖర్చు, ఆ ఉద్యోగి హోదా చూసి ఆ మొత్తం సబబే అంది. పాతిక వేల జీతం లెక్చరర్‌కి ఐదు లక్షల బాండ్ రాసి ఆ తీర్పు చూపించకండి.

లెక్చరర్లు లేబర్ కోర్టుకు పోలేరు కదా అనే ధైర్యమూ కొందరికి ఉంది. ఉపాధ్యాయులు పారిశ్రామిక వివాదాల చట్టం కింద కార్మికులు కారని ఎ.సుందరాంబాళ్ కేసులో 1988లో సుప్రీంకోర్టు చెప్పిన మాట నిజమే. కానీ గ్రాట్యుటీ వేరు. 2009 సవరణ ప్రకారం ప్రైవేటు విద్యాసంస్థల ఉపాధ్యాయులకు 1997 ఏప్రిల్ 3 నుంచీ గ్రాట్యుటీ హక్కు ఉందని 2022 ఆగస్టులో అదే కోర్టు తేల్చింది. ఐదేళ్లు నిండే ముందు ఒక నెల మానిపించి మళ్లీ తీసుకునే చోట్లున్నాయి. ఆ ఒక్క నెల హాజరు పట్టీ తీసి చూస్తే, ఆ అధ్యాపకుడి క్లాసులు ఇంకొకరి పేరుతో నడిచి ఉంటాయి. పట్టీ రాసే మనిషికి అప్పుడే చెప్పే హక్కుంటే ఆ పని జరిగేదే కాదు.

లైంగిక వేధింపుల ఫిర్యాదులు మాత్రం ఆ మనిషికి కూడా ఇవ్వకూడదు. 2013 చట్టం ప్రకారం 10 మంది ఉన్న ప్రతిచోటా అంతర్గత కమిటీ ఉండాలి. పైస్థాయి మహిళా ఉద్యోగి అధ్యక్షురాలు, సభ్యుల్లో కనీసం సగం మహిళలు, బయటి నుంచి ఒకరు. లేకపోతే 50,000 దాకా జరిమానా. ఓనర్ భార్యనో, వదిననో అధ్యక్షురాలిగా రాసిన బోర్డులు నాకు తెలుసు. తీసేయండి. ఆమె ఎంత మంచి మనిషైనా, ఆ గదిలోకి ఏ సేల్స్ గర్ల్ అడుగు పెట్టదు. పదిమంది కూడా లేని కొట్టు అయినా, ఫిర్యాదు స్వయంగా ఓనర్ మీదే అయినా, జిల్లా స్థాయిలో స్థానిక కమిటీ ఉంటుంది. దిల్‌సుఖ్‌నగర్ దాటి మలక్‌పేట వైపు హైదరాబాద్ జిల్లా, కొత్తపేట, ఎల్బీనగర్ వైపు రంగారెడ్డి జిల్లా. రంగారెడ్డి కలెక్టరేట్ కొంగరకలాన్‌లో ఉంది. పొద్దున పదింటికి కౌంటర్‌లో నిలబడి రాత్రి తొమ్మిదిన్నరకు బస్సెక్కే అమ్మాయి అక్కడికి ఎప్పుడు పోగలదు? కాబట్టి కమిటీలో బయటి సభ్యురాలి ఫోన్ నంబరు ఆడవాళ్ల బాత్‌రూమ్ తలుపు లోపలి వైపు అంటించండి. బిల్లింగ్ కౌంటర్ పక్కన సీసీ కెమెరా కింద అంటిస్తే ఎవరూ రాసుకోరు.

కుర్చీల సంగతీ చెప్పాలి. బట్టల దుకాణాల్లో ఆడవాళ్లు కూర్చునే హక్కు కోసం కోజికోడ్ మిఠాయి తెరువులో పోరాడారు. 2018లో కేరళ చట్టం మార్చింది, 2021లో తమిళనాడు మార్చింది. కొత్త కోడ్‌లో నిలబడి పనిచేసేవాళ్లకు కూర్చునే వసతి సంక్షేమ సదుపాయాల్లో చేరింది. కౌంటర్ వెనక నాలుగు స్టూళ్లు వేయడానికి ఎవరి సలహా కావాలి? వేయించే బాధ్యత కూడా పట్టీ రాసే మనిషికే ఇవ్వండి. ఎవరి కాళ్లు వాస్తున్నాయో ఆ మనిషికి తెలుసు.

ఇంకొకటి, దీన్ని విన్నాక కొందరు నాతో మాట్లాడటం మానేశారు. మీరు పంపించేసిన మనిషికి లేబర్ ఆఫీసు అడ్రసు మీరే రాసివ్వండి. లేబర్ కమిషనర్ కార్యాలయం ఆర్టీసీ క్రాస్ రోడ్స్ దగ్గర టి.అంజయ్య పేరున్న కార్మిక సంక్షేమ భవనంలో ఉంది. ఆల్విన్ ఫ్యాక్టరీలో కార్మికుడిగా మొదలై 1980లో ముఖ్యమంత్రి అయిన మనిషి ఆయన. మీ ప్రాంతపు సహాయ లేబర్ అధికారి ఎక్కడుంటారో అది కూడా రాయండి. ఫుల్ అండ్ ఫైనల్ లెక్క కాగితం, ఆఖరి పీఎఫ్ చలాన్ నకలు, అనుభవ పత్రం ఈ చీటీతో పాటు ఒకే కవరులో పెట్టండి. ఇచ్చేటప్పుడు హాజరు పట్టీ రాసే మనిషే ఎదురుగా కూర్చుని ఒక్కో అంకె చదివి వినిపించాలి. లెక్క సరిగ్గా ఉన్న కవరు అందుకున్నవాళ్లలో ఆ అడ్రసు వాడినవాళ్లు నాకు తెలిసి బహు తక్కువ. వాడినా, అక్కడి అధికారి ముందు మీ తరఫున మాట్లాడటానికి ఆ కవరు నకలు, ఆ మనిషి చాలు.

రేపటి నుంచే మొదలుపెట్టదలిస్తే ముందు నియామక పత్రాలు ఇవ్వండి. పదిమంది, అంతకు మించి ఉన్న సంస్థలో ప్రతి ఉద్యోగికీ అది ఇచ్చి తీరాలని కొత్త కోడ్ అంటోంది. పదేళ్లుగా కాగితం లేకుండా పనిచేస్తున్నవాళ్లకు కూడా, వాళ్లు నిజంగా చేరిన తేదీతోనే ఇవ్వండి, ఈ నెల తేదీతో కాదు. ఏ తేదీ రాయాలో తెలియకపోతే మెట్ల కింద కూర్చున్న మనిషిని అడగండి. పాత పట్టీలు అటక మీద ఏ మూటలో ఉన్నాయో తనకు తెలుసు.